గుంతకల్లు నుంచి ఒక్క రోజులో: వజ్రకరూరు, గుత్తి, ఎర్రగుడి

రాళ్ల అందం చూడాలని రాయలసీమకు వచ్చేవాళ్లు ఎక్కువగా గండికోటకే పోతారు. అది చూడాల్సిందే. కానీ అగ్నిపర్వతం మిగిల్చిన రాయిని చేతిలోకి తీసుకోవాలంటే అనంతపురం జిల్లా వజ్రకరూరుకు రావాలి.

గుంతకల్లు స్టేషన్ దగ్గర లాడ్జీలో దిగాం. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు మాత్రం అడగ్గా అడగ్గా వచ్చాయి. రాత్రంతా రైళ్ల మోత. ఒక్క రాత్రికి ఫర్వాలేదు గానీ, చిన్నపిల్లలుంటే అనంతపురంలో ఉండి కారు మాట్లాడుకోవడమే మేలు. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తిని ఆటోలో బయల్దేరాం. ఆ ఉగ్గాని కోసమైనా మళ్లీ గుంతకల్లులో దిగొచ్చు.

వజ్రకరూరులో శిఖరం, బిలం లాంటివేమీ కనబడవు. సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట, 150 కిలోమీటర్లకు పైగా లోతు నుంచి తన్నుకొచ్చిన శిలాద్రవం గడ్డకట్టిన గొట్టాలివి. పైభాగం ఎప్పుడో అరిగిపోయింది. ఈ రాయి పేరు కింబర్లైట్. వజ్రాలను పైకి మోసుకొచ్చింది ఇదే. ఒక ముక్క తీసి చూశాను: ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు, మధ్యలో తెల్లటి సున్నపు చారలు, ఎండకు తిప్పితే తళుక్కుమనే అభ్రకం రేకులు. గోటితో గీకితే పొడి రాలింది. నాలుగడుగుల అవతల ఉన్న గ్రానైట్ మీద సుత్తి దెబ్బకు గీత కూడా పడలేదు. ఆ తేడా చేతికి తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు.

చేను గట్టున కూర్చున్న పెద్దాయన్ని వజ్రాల గురించి అడిగాం. "ఇప్పుడు యాడ దొరుకుతాదప్పా! వాన పడల్ల, మన్ను కడగల్ల, మళ్లీ ఎండ కొట్టల్ల. అప్పుడు మెరుస్తాది" అన్నాడు. తొలకరికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి ఈ చేలల్లో వెతుకుతారు. రాళ్లు తీరిగ్గా చూడాలంటే డిసెంబర్, జనవరి మంచివి. విత్తిన చేలో మాత్రం అడుగు పెట్టొద్దు.

గుత్తి కోటను కిందినుంచే చూశాం. ఎక్కాలంటే దానికో పూట కావాలి.

గుత్తి నుంచి పత్తికొండ దారిలో 13 కిలోమీటర్లు పోతే, కర్నూలు జిల్లా ఎర్రగుడి. అక్కడి గుండ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి. ఒక శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, కాడెద్దులు సాలు తిరిగినట్టు. సాయంత్రం ఏటవాలు వెలుగులో అక్షరాలు బాగా తేలతాయి, అందుకే దీన్ని చివర పెట్టుకోండి.

వజ్రకరూరులో దారి చూపే బోర్డులు మాకు కనబడలేదు. ఊళ్లో ఎవరినైనా వెంట తీసుకెళ్లి, వాళ్ల పూట కూలి ఇవ్వండి. చేల మధ్య నీడ ఉండదు, నీళ్లు గుంతకల్లులోనే నింపుకోండి. ఆటో అతనితో తిరుగు ప్రయాణం కూడా ముందే మాట్లాడుకోండి; చీకటిపడ్డాక ఎర్రగుడి దగ్గర బండి దొరకడం కష్టం.