గర్భంలో షుగర్ వచ్చినప్పుడు కొన్న మిషన్: ఇన్నాళ్లు వాడాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తున్నా, షుగర్ మిషన్ కొనేటప్పుడు మిషన్ రేటు కాదు, ప్రతిసారీ రక్తం చుక్క పెట్టి అందులో దూర్చే స్ట్రిప్ రేటు అడగండి. మిషన్ ఒక్కసారే కొంటాం, ఆఫర్లో అయితే దాదాపు ఊరికే వచ్చినట్టు వస్తుంది. అసలు ఖర్చంతా స్ట్రిప్పులదే. పొద్దున్నే పరగడుపున ఒకటి, మూడు పూటలా తిన్నాక ఒక్కోటి, అంటే రోజుకు నాలుగు. నాకు ఒక్కో స్ట్రిప్ పద్దెనిమిది రూపాయల దాకా పడింది, లెక్క మీరే వేసుకోండి. కంపెనీ పేరు మాత్రం రాయను. ఆ ధరలో దొరికేవన్నీ కాస్త అటూ ఇటూగా ఇలాగే పనిచేస్తాయి, నేను పెట్టే తిట్లూ పొగడ్తలూ అన్నిటికీ వర్తిస్తాయి.

నాకు ఆరో నెలలో బయటపడింది. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి రెండు గంటలకు రక్తం తీశారు. పరగడుపున వెళ్లినా తిని వెళ్లినా చేసే పరీక్ష అది, 140 లేదా ఆపైన వస్తే గర్భంలో షుగర్ కింద లెక్క. నాకు 162 వచ్చింది. మొదటి చెకప్‌లో చేసినప్పుడు మామూలుగానే ఉంది, అందుకే 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ చేస్తారట. నెలలు పెరిగేకొద్దీ మాయ నుంచి వచ్చే హార్మోన్ల వల్ల తల్లి ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యదు, దాన్ని తట్టుకునేంత అదనపు ఇన్సులిన్ తయారుకాని వాళ్లకి షుగర్ పెరుగుతుంది. "సీమంతంలో స్వీట్లు లాగించావు, అందుకే" అని నవ్విన చుట్టాలందరికీ ఈ ముక్క చెప్పాలని ఉండేది, చెప్పలేదు, ఓపిక లేక.

డాక్టరుగారు మూడు అంకెలు రాసిచ్చారు. పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, రెండు గంటలకు 120 లోపు. గంట అయినా రెండు గంటలైనా మొదటి ముద్ద దగ్గర్నుంచి లెక్కపెట్టాలి, చెయ్యి కడుక్కున్న దగ్గర్నుంచి కాదు. నన్ను రెండు గంటలకు చూసుకోమన్నారు.

ఈ మిషన్ నాకు చేసిన పెద్ద మేలు ఏంటంటే, ఇంట్లో తిండి మీద జరిగే వాదనలు ఆపేసింది. మా అత్తయ్యకి రాగి జావ అంటే ఎనలేని నమ్మకం. "షుగర్‌కి ఇంతకంటే మంచిది లేదమ్మా, చలవ కూడా" అని పొద్దున్నే పెద్ద గ్లాసుడు ఇచ్చేవారు. తాగిన రెండు గంటలకు 151. "అత్తయ్యా, ఇదిగో చూడండి" అంటే మిషన్‌దే తప్పన్నారు. సరే అని మర్నాడు కూడా అదే గ్లాసు, అదే టైము, 148. మూడోరోజు ఆవిడే ఉల్లిపాయలూ మునగాకూ వేసి మందంగా రాగి రొట్టె కాల్చారు, పక్కన పప్పు. 117! పిండి అదే, జావగా కాస్తే ఒకలా, రొట్టెగా నమిలి పప్పుతో తింటే ఇంకోలా. మూడు ఇడ్లీలకి 139, రెండు పెసరట్లకి 112. అన్నం మానెయ్యక్కర్లేకపోయింది, కప్పుడన్నంలో పప్పూ కూరా ఎక్కువ పెట్టుకుని తిన్నాక డాబా మీద ఓ ఇరవై నిమిషాలు నడిస్తే సరిపోయేది, అదే కప్పుడన్నం ఉత్త పచ్చడితో తిని కూర్చుంటే 140 దాటేది. నాకు పడ్డది మీకూ పడాలని లేదు. మీ పక్కింటావిడ డైట్ చార్ట్ ఫోన్లో పంపిస్తే చూసి ఊరుకోండి, మీ వేలు ఏం చెప్తుందో చూసుకోండి.

అంకె ఒక్కటే రాస్తే మాత్రం ఉపయోగం లేదు. మిషన్‌లో వందల రీడింగులు దాచుకునే మెమరీ ఉంది, బ్లూటూత్ యాప్ కూడా ఇచ్చారు, అందులో గ్రాఫులు రంగురంగుల్లో వస్తాయి గానీ ఆ పూట ఏం తిన్నానో దానికేం తెలుసు? నేను పాలవాడి లెక్కల పుస్తకం వెనక పేజీల్లో గీతలు కొట్టుకుని రాసుకున్నా. తారీఖు, ఏం తిన్నా, ఎంత తిన్నా, నడిచానా లేదా, ఎంత వచ్చింది.

ఆ పుస్తకంలోనే ఒక సంగతి తేలింది. తిన్న తర్వాతి అంకెలు దారికొచ్చాయి, పరగడుపు అంకె మాత్రం రోజూ 100, 103, 101. రాత్రి తిండి తగ్గించి చూశా, ఎనిమిదింటికే తిని చూశా, ఊహూ. నేను పస్తున్నా లివర్ రాత్రంతా రక్తంలోకి చక్కెర వదులుతూనే ఉంటుందని, ఈ టైములో పస్తులు అస్సలు పనికిరావని డాక్టరుగారు చెప్పి, రాత్రిపూట ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్, ఒకసారి ఇన్సులిన్ పెడితే జీవితాంతం వదలదని. నాకైతే నిజంగా ప్రాణం కుదుటపడింది, ఎందుకంటే అప్పటిదాకా రాత్రి తిన్న రెండు పుల్కాలనే అనుమానంగా చూసుకుంటున్నా. ఇన్సులిన్ మాయ దాటి బిడ్డలోకి పోదు. కాన్పయిన రోజే ఆపేశారు కూడా. ఇన్సులిన్ మీద ఉన్నప్పుడు ఇంట్లో మిషన్ తప్పనిసరి, చెమటలు పట్టి చేతులు వణికితే అది నీరసమో షుగర్ పడిపోవడమో మిషన్‌లో చూస్తేనే తెలుస్తుంది. 70 కంటే తగ్గితే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి వెంటనే తాగి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోమన్నారు.

ఇక లోపాలు. మాది గుంటూరు. మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే ఈ మిషన్ తెర మీద థర్మామీటర్ బొమ్మ వేసి మొరాయిస్తుంది, చల్లబడేదాకా స్ట్రిప్ తీసుకోదు. స్ట్రిప్పుల డబ్బా 30 డిగ్రీల లోపు ఉంచాలని దాని మీదే రాసి ఉంటుంది, మా ఊళ్లో ఎండాకాలం అలాంటి చోటు ఏసీ గదిలో తప్ప ఎక్కడుంది? మూత వెంటనే బిగించాలి, తేమ తగిలితే రీడింగు తేడా వస్తుంది. డబ్బా తెరిచిన తారీఖు పెన్నుతో రాసుకోండి, చాలా రకాలు తెరిచాక కొన్ని నెలలే పనిచేస్తాయి. సూది వేలి కొన మీద కాకుండా పక్కన గుచ్చితే నొప్పి బాగా తక్కువ, పైగా వేలిని మరీ పిండకూడదు.

చేతులు సబ్బుతో కడిగి ఆరనివ్వాలి, స్పిరిట్ దూదితో తుడిచేసుకుంటే సరిపోతుందనుకోకండి. మా ఆయన బంగినపల్లి కోస్తూ కోస్తూ సరదాకి అదే చేత్తో చూసుకుంటే 260 వచ్చింది. మనిషి ముఖం పాలిపోయింది. కడుక్కొచ్చి చూస్తే 104.

లెక్క ఎంత కచ్చితం అంటే, ఇంటి మిషన్లకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణమే వంద పైన ఉంటే 15 శాతం అటూ ఇటూ, వంద లోపు అయితే 15 పాయింట్లు అటూ ఇటూ అని ఒప్పుకుంటుంది. కాబట్టి 118 కీ 124 కీ తేడా చూసి ఏడవడం దండగ, వారం మొత్తం ఎలా ఉందో చూడాలి. ఇంకోటి, రక్తం బాగా తక్కువ ఉన్నవాళ్లకి ఈ మిషన్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. గర్భిణుల్లో రక్తహీనత మన దగ్గర మామూలే, నా హిమోగ్లోబిన్ కూడా 9 చిల్లర ఉండేది, అందుకని చెకప్‌కి వెళ్లినప్పుడల్లా ల్యాబ్‌లో రక్తం ఇచ్చే టైముకే ఇంటి మిషన్‌లోనూ చూసుకుని రెండూ పక్కపక్కన రాసేదాన్ని. ఒకసారి ల్యాబ్‌లో 93, దీన్లో 99. డాక్టరుగారు సరే అన్నారు.

పాప పుట్టాక దాని షుగర్ పడిపోతుందేమోనని కొన్ని గంటలకోసారి మడమ దగ్గర గుచ్చి చూశారు, నాకు చేసినవన్నీ ఒక ఎత్తు, అది ఒక ఎత్తు. ఏం పడిపోలేదు, బరువు కూడా మూడు కిలోల లోపే.

కాన్పయ్యాక చాలామంది మిషన్ అటక మీద పడేసి షుగర్ పోయిందనుకుంటారు. ఆరు వారాలకి మళ్లీ 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష ల్యాబ్‌లోనే చేయించుకోవాలి, ఈ మిషన్‌తో ఇంట్లో చూసుకున్నది లెక్కలోకి రాదు. గర్భంలో ఒకసారి వచ్చినవాళ్లకి ముందుముందు మామూలు షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ. నేను ఏటా పాప పుట్టినరోజు నెలలో చేయించుకుంటున్నా, మొన్న పరగడుపున 91 వచ్చింది. మిషన్ ఇప్పుడు మావయ్యగారి దగ్గరుంది, వేలికి గుచ్చుకునే సూది పెన్ మాత్రం ఆయనకి వేరేది కొన్నాం, అది ఒకరిది ఇంకొకరు వాడకూడదు.