ట్రబాంట్, బీటిల్: రెండు జర్మనీల రెండు కార్లు

కోల్డ్ వార్ అనగానే అణుబాంబులు, రాకెట్లు గుర్తొస్తాయి. సామాన్యుడి బతుకులో అమెరికా, సోవియట్ యూనియన్ల ఆ పోటీ ఎలా ఉండేదో తెలియాలంటే మాత్రం ఈ రెండు చిన్న కార్లను పక్కపక్కన పెట్టి చూడాలి.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీ రెండుగా చీలింది: అమెరికా పక్షాన పశ్చిమం, సోవియట్ పక్షాన తూర్పు. పశ్చిమ జర్మనీది బీటిల్. పుట్టింది హిట్లర్ కాలంలోనే అయినా, యుద్ధం ముగిశాక బ్రిటిష్ సైనికాధికారులు వోల్ఫ్స్‌బర్గ్ ఫ్యాక్టరీని మళ్లీ నడిపించారు. 1955కల్లా పది లక్షల కార్లు తయారయ్యాయి. అమెరికాలోనూ బాగా అమ్ముడుపోయింది.

తూర్పు జర్మనీ ట్రబాంట్ 1957లో మొదలైంది. ఉక్కు కొరత వల్ల బాడీకి పత్తి వ్యర్థాలు, రెజిన్ కలిపి అచ్చుపోసిన పలకలు వాడారు. పెట్రోల్ ట్యాంకు బానెట్ కిందే, ఇంజిన్‌కన్నా ఎత్తులో ఉంటుంది. పంపు అక్కర్లేదు, పెట్రోల్ దానంతటదే కిందికి దిగుతుంది. చాలా ట్రబాంట్‌లలో పెట్రోల్ ఎంత మిగిలిందో తెలియాలంటే గీతలున్న పుల్ల ముంచి చూడాల్సిందే! పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోయాలి కాబట్టి వెనక నీలిపొగ.

కారు బుక్ చేస్తే పదేళ్లకు పైనే ఎదురుచూపు. అందుకే వెంటనే చేతికొచ్చే పాత కారు కొత్తదానికన్నా ఎక్కువ ధర పలికేది. ఇంజినీర్లకు తెలివి లేక కాదు, వాళ్లు కొత్త మోడళ్లు తయారుచేస్తే ప్రభుత్వంలోని పైవాళ్లే ఆపేశారు. నాకు బాధ కలిగించేది అదే.

1989 నవంబర్ 9న బెర్లిన్ గోడ తెరుచుకున్నాక ట్రబాంట్‌లు బారులు తీరి పశ్చిమానికి వస్తుంటే, అక్కడి జనం వాటి టాపుల మీద అరచేతులతో చరుస్తూ స్వాగతం పలికారు.