టెక్సాస్‌లో కొత్త ఇల్లు కొంటున్నారా? మొదటి ఏడాది ట్యాక్స్ బిల్లును నమ్మకండి

న్యూజెర్సీ నుంచి, కాలిఫోర్నియా నుంచి డాలస్ వైపు వచ్చేద్దామనుకుంటున్న మనవాళ్ల కోసం రాస్తున్నాను. మేము 2023లో వచ్చాం. "ఇక్కడ స్టేట్ ట్యాక్సే లేదు, ఇంకా ఆ చలిలో ఏం చేస్తున్నావురా?" అని మా బావ రెండేళ్లు పోరితే వచ్చాం. ఆయన అన్నది అబద్ధమేం కాదు. టెక్సాస్‌లో జీతం మీద రాష్ట్రం పన్ను వేయదు, 2019లో జనం ఓటేసి రాజ్యాంగంలోనే నిషేధం పెట్టేశారు. న్యూజెర్సీకి మేము ఏడాదికి 9 వేల డాలర్లు కట్టేవాళ్లం. అదంతా మిగులే కదా అని లెక్కేసుకుని, 6 లక్షల డాలర్లకు కొత్త ఇల్లు బుక్ చేశాం.

మోడల్ హోమ్‌లో కూర్చోబెట్టి సేల్స్ ఆవిడ నెల పేమెంట్ ఎంతవుతుందో ఒక కాగితం మీద రాసిచ్చింది. ఇంటి ట్యాక్స్ దగ్గర నెలకు 260 డాలర్లు. న్యూజెర్సీలో టౌన్‌హౌస్‌కే దానికి మూడింతలు కట్టినవాణ్ణి, అప్పుడే అనుమానం రావాలి. రాలేదు. టెక్సాస్ కదా, తక్కువే ఉంటుందనుకున్నాను. మా రియల్టర్ కూడా నోరు విప్పలేదు.

అసలు సంగతేంటంటే, ఇక్కడ ఏటా జనవరి 1న స్థలంలో ఏముందో చూసి దానికే విలువ కడతారు. ఆ రోజుకి మా ఇంటికి పునాది కూడా పడలేదు. కాబట్టి ఆ ఏడాది ట్యాక్స్ లక్షా 20 వేల డాలర్ల ఖాళీ స్థలానికే. ఎస్క్రోలో, అంటే ట్యాక్స్ కట్టడానికి నెలనెలా మన పేమెంట్‌లోంచి పక్కన పెట్టే ఖాతాలో, బ్యాంకు పట్టుకున్నదీ ఆ లెక్కనే.

రెండోది మడ్ ట్యాక్స్. మడ్ అంటే మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్. ఊరికి దూరంగా పొలాల్లో కాలనీ వేసేటప్పుడు నీళ్ల పైపులకి, డ్రైనేజీకి బాండ్ల మీద అప్పు తెస్తారు, ఆ అప్పు ఇళ్లు కొన్నవాళ్లు ఏళ్ల తరబడి తీర్చాలి. కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్ట్, కాలేజీ అన్నీ కలిపి మాకు విలువలో ప్రతి 100 డాలర్లకు 1.70 డాలర్ల దాకా ఉంటే, మడ్ ఒక్కటే ఇంకో 90 సెంట్లు. దీనికి నోటీసు ఇవ్వలేదా అంటే, ఇచ్చారు. ఆన్‌లైన్‌లో సంతకాలకు పంపిన కాగితాల గుట్టలో అదీ ఉంది. ఆఫీసు మీటింగ్‌లో ఉండి ఫోన్‌లో పసుపు గడి కనపడిన చోటల్లా నొక్కుకుంటూ పోయాను. తర్వాత వెతికి చూస్తే రేటు అంకెలతో సహా ఉంది, కింద నా సంతకం. బురదలో కాలు పెట్టానని అప్పుడర్థమైంది.

2025 జనవరిలో ఒక రోజు మా ఆవిడ బ్యాంకు ఉత్తరం పట్టుకుని వచ్చింది. "ఏమండీ, పేమెంట్ తప్పు పడినట్టుంది, ఒకసారి చూడండి." తప్పేం కాదు. 2024కి పూర్తి ఇంటి మీద ట్యాక్స్ పడింది. హోమ్‌స్టెడ్ మినహాయింపు (మనం ఉండే సొంత ఇంటికి ఇచ్చే తగ్గింపు) పోను 14,400 డాలర్లు. ఎస్క్రోలో ఉన్నది 3,100 చిల్లర. తేడా 11 వేల పైన. దాన్ని 12 నెలలకు పంచి నెలకు 940, రాబోయే ఏడాది ట్యాక్స్ కోసం, ఇప్పటికే కడుతున్న 260 పోను, మరో 940. ఒక్క ఉత్తరంతో నెల పేమెంట్ 1,880 డాలర్లు పెరిగింది. ఆ నెల ఇండియా టికెట్లు క్యాన్సిల్ చేశాం.

నిజం చెప్పాలంటే మొత్తం మీద మాకు ఇప్పటికీ ఏడాదికి 4 వేల దాకా మిగులుతోంది. కానీ ఉద్యోగం పోతే జీతం మీద ట్యాక్స్ ఉండదు, ఇంటి ట్యాక్స్ మాత్రం ఆగదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఈ ఒక్క ముక్క రెండుసార్లు ఆలోచించుకోండి.

సంతకం పెట్టకముందే మడ్ ఉందా, పిడ్ (పబ్లిక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్, కాలనీ సౌకర్యాల ఖర్చు ఇళ్లవాళ్ల మీద వేసేది) ఉందా అని మెయిల్‌లో అడగండి, నోటిమాట వద్దు. పిడ్ మామూలు ట్యాక్స్ రేటులో కనపడదు, విడిగా వస్తుంది. ఇళ్లకు విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్‌లో అదే కాలనీలో ఏడాది కిందట పూర్తయిన ఇంటి అడ్రస్ కొట్టండి, ఏ డిస్ట్రిక్ట్‌లు పన్ను వేస్తున్నాయో వరుసగా కనిపిస్తాయి. ఆ మొత్తం రేటుని మీరు కొనే ధరకు వేసి చూసుకోండి. ఎస్క్రో పూర్తి విలువ మీద పట్టమని బ్యాంకుని అడగండి. ఒప్పుకోకపోతే ఆ తేడా వేరే అకౌంట్లో వేసుకోండి.

హోమ్‌స్టెడ్‌కి అప్లై చేయడం ఫ్రీ. కొత్త ఇంటి అడ్రస్‌తో టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్స్ ఉంటే చాలు. "మేం చేసిపెడతాం, ఫీజు పంపండి" అని సర్కారీ కాగితంలా వచ్చే ఉత్తరాలు చెత్తబుట్టలో పడేయండి. విలువ ఏటా 10 శాతానికి మించి పెరగకూడదన్న పరిమితి హోమ్‌స్టెడ్ వచ్చిన మరుసటి ఏడాది నుంచే మొదలవుతుంది, ఖాళీ స్థలం నుంచి ఇంటికి పెరిగే ఆ పెద్ద గెంతుని అది ఆపదు. విలువ ఎక్కువ కట్టారనిపిస్తే మామూలుగా మే 15 లోపు ప్రొటెస్ట్ చేయాలి, అంటే అభ్యంతరం దాఖలు చేయాలి. నేను మొదటిసారి ఆ తేదీ దాటబెట్టుకున్నాను.