ప్లస్ టూలో జపనీస్: బిట్ల దారా, మాటల దారా?

మా అక్క కూతురు పదో తరగతి పూర్తయ్యేసరికి జపనీస్ భాషా పరీక్షలో కింది నుంచి రెండో మెట్టు, ఎన్4, పాసైంది. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఈ మాట చెబితే సగం మంది "అదేం కోర్సు?" అంటారు, మిగతా సగం "అయితే జపాన్‌లో ఉద్యోగమా?" అంటారు. అది మాత్రం కార్టూన్లు చూస్తూ సరదాగా మొదలుపెట్టింది. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, పాఠాలు ఇంగ్లీషులో. ఆ మూడింటి పక్కన నాలుగోదాన్ని కూర్చోబెట్టుకుంది. ఇంతవరకూ సొంతంగానే లాక్కొచ్చింది. ఇక పై మెట్టు ఎలా ఎక్కాలన్నదే ఇంట్లో గొడవ. ఇప్పుడు ప్లస్ టూ సైన్స్, చేతిలో ఉన్న టైమ్ తక్కువ.

మా బావ మాట: "ఎన్3 రాయించేద్దాం, చేతిలో కాగితం ఉంటుంది." అక్క మాట: "ఈ రెండేళ్లూ ఆపేయనీ, డిగ్రీలో చూసుకుంటుంది." నా మాట ఎవరూ అడగలేదు గానీ, మాట్లాడించి, రాయించే టీచర్‌ని ఆన్‌లైన్లో పట్టుకోవాలని నేనన్నాను.

అక్క చెప్పినదాని సంగతి ముందు తేల్చేస్తాను. హైదరాబాద్‌లో ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూ ఉంది, శాంతినికేతన్‌లో జపనీస్ విభాగం నిప్పాన్ భవన ఉంది, ఢిల్లీలో జేఎన్‌యూ ఉంది. మూడుచోట్లా జపనీస్ చదవొచ్చు. కానీ డిగ్రీ క్లాసులు మామూలుగా అక్షరాల దగ్గర నుంచే మొదలవుతాయి. ఎన్4 అయిన పిల్ల మళ్లీ అ, ఇ, ఉ దిద్దుతూ కూర్చోవాలి. పైగా కంజి అక్షరాలు, అంటే జపనీస్‌లో వాడే చైనా అక్షరాలు, రెండేళ్లు ముట్టుకోకపోతే మిగలవు. నేను ఏడాది పాటు దానితో సరదాగా నేర్చుకున్న ఎనభైలో ఇవాళ నాకు గుర్తున్నవి "కొండ", "ఏరు", ఇంకో నాలుగైదు. ఆపడం నాకు నచ్చలేదు.

ఇక మిగిలిన రెండింటి మధ్యే అసలు పోటీ.

బావ దారిలో బలం లేదని అనను. ఈ జపనీస్ భాషా ప్రావీణ్య పరీక్ష, జేఎల్‌పీటీ, 1984 నుంచి ఉంది. 2010లో ఐదు మెట్లు చేశారు, కిందది ఎన్5, పైది ఎన్1. ఎన్3 నడిమి మెట్టు. 180 మార్కులకు 95 రావాలి, పైగా మూడు భాగాల్లో ఒక్కోదాంట్లో 60కి కనీసం 19 రావాలి. ఈ 19 నిబంధన మంచిది. ఒకదాంట్లో బాగా తెచ్చుకుని ఇంకోదాన్ని గాలికి వదిలేయడానికి వీల్లేదు. తేదీ అంటూ ఉంటే చదువు సాగుతుంది, ఆ సర్టిఫికెట్‌ను ఎక్కడైనా ఒప్పుకుంటారు. ఏటా జూలైలో, డిసెంబర్‌లో పెడతారు. మాకు వీలైన కేంద్రం కోల్‌కతా. పలాస వెళ్లి రాత్రి రైలెక్కాలి.

చిక్కెక్కడంటే, ఆ పరీక్షంతా బిట్లే. వినడం ఉంది, చదవడం ఉంది. నోరు విప్పే పని లేదు, ఒక్క వాక్యం రాసే పని లేదు. మా పిల్ల ఎన్4 పాసైన నెలలో ఒక జపాన్ ఆవిడతో వీడియో కాల్ కుదిరింది. "మీ ఊళ్లో ఏం బాగుంటుంది?" అని ఆవిడ అడిగితే అరనిమిషం నోరు పెగల్లేదు. ప్రశ్న అర్థమైంది, జవాబు రాలేదు. నాలుగు జవాబులిచ్చి ఏది సరైనదో అడిగి ఉంటే ఠక్కున చెప్పేది.

బావ ఇంకో కారణం కూడా చెప్పాడు, ఉద్యోగం. జపాన్ 2019లో తెచ్చిన నైపుణ్య కార్మికుల వీసాకి భాష వరకు చాలా రంగాల్లో ఎన్4 చాలు. అది దాని దగ్గర ఉంది. అయినా పదహారేళ్ల పిల్లకి ఇప్పుడు ఆ తొందరేంటి? "ఆరు నెలల్లో ఎన్3" అని తీరంలోని ఒక పెద్ద ఊరి కోచింగ్ సెంటర్ వాళ్లు ఫోన్ చేస్తే బావ డబ్బు కట్టేశాడు. వారాంతాల్లో బస్సులో వెళ్లి రావడం. అక్కడ మూడు నెలలు మోడల్ పేపర్లు చేయించారు. టీచర్ ఒక్కసారి కూడా పిల్లలతో జపనీస్‌లో మాట్లాడలేదు. మానేస్తామంటే ఫీజు వెనక్కి రాదన్నారు. ఆ గొడవ ఇంకా తెగలేదు.

రెండో దారి నాకు ఎలా తట్టిందంటే, అమెరికా హైస్కూళ్ల సంగతి నెట్‌లో చూశాను. అక్కడ జపనీస్ భాష, సంస్కృతి రెండూ కలిపి 'అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్' అనే కాలేజీ స్థాయి కోర్సుంది. దాని పరీక్ష 2007లో మొదలైంది. కంప్యూటర్ మీదే రాస్తారు. బిట్లు ఉంటాయి గానీ అక్కడితో ఆగరు. చాటింగ్‌లా వచ్చే ప్రశ్నలకు టైపు చేసి జవాబివ్వాలి, రెండు విషయాలను పోల్చి వ్యాసం రాయాలి, ప్రశ్న విన్న వెంటనే మాట్లాడాలి. నేను చూసిన పాత పేపర్లలో ఒక సాంస్కృతిక విషయం ఇచ్చి నాలుగు నిమిషాలు ఆలోచించుకోమంటారు, తర్వాత రెండు నిమిషాలు ఆపకుండా చెప్పాలి. ఆ కోర్సు కంజి జాబితా 410 అక్షరాలే. జపాన్‌లో నిత్య వాడుకకు 2010లో ప్రభుత్వం ఖరారు చేసిన జాబితాలో 2,136 ఉన్నాయి. తెలిసిన కాసిన్ని అక్షరాలతోనే నాలుగు మాటలు చెప్పగలగాలన్నది వాళ్ల లెక్క. మన పిల్లలు ఆ పరీక్ష రాయక్కర్లేదు. పాత ప్రశ్నలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, వాటిని పాఠాలుగా వాడుకుంటే చాలు.

ఈ పద్ధతి మన తెలుగు పిల్లలకు ఇంకా బాగా నప్పుతుందని నా నమ్మకం. "నిన్న కొన్న పుస్తకం" అంటే జపనీస్‌లో "కినో కత్త హొన్". మాటకు మాట అదే వరస. "తిని చూడు" అంటే "తబెతె మితె", మనలాగే "చూడు"ని చివర తగిలిస్తారు. "వస్తానని చెప్పాడు"లో మన "అని" చేసే పని అక్కడ "తొ" చేస్తుంది. ఇంగ్లీషు పుస్తకం పేజీలకు పేజీలు వివరించే సంగతులివి. నోటితో చెబితే మనవాళ్లకి ఒక పూటలో పట్టుబడతాయి. బిట్లు చేసే పిల్ల మాత్రం వాటిని ఇంగ్లీషు సూత్రాలుగా బట్టీ పడుతుంది.

ఇంకోటి, దీర్ఘాలు. ఒబసన్ అంటే పిన్ని వరస, ఒబాసన్ అంటే అమ్మమ్మ. అట, ఆట తేడా పుట్టుకతో తెలిసిన మనకి అది లెక్కలోది కాదు. ఒడియా మాటలో హ్రస్వ దీర్ఘాల పట్టింపు లేదు గనక, మా పిల్లతో కలిసి నేర్చుకునే ఒడియా స్నేహితురాలికి నేను ఇప్పటికీ అమ్మమ్మనే.

మా ఊళ్లో ఇలాంటి చదువు కొత్తేం కాదు. గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) ఇక్కడి బళ్లో చరిత్ర చెబుతూ సవర భాష నేర్చుకోవాలనుకున్నారు. పుస్తకాలు లేవు. సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మాటల్లోంచి నేర్చుకున్నారు. వ్యాకరణం, నిఘంటువు ఆ తర్వాతే రాశారు. బావకి ఇది చెబితే "ఆయన ప్లస్ టూ సైన్స్ చదవలేదు కదా" అన్నాడు. అదీ నిజమే.

మాటల దారికి లోపాలున్నాయి. తేదీ లేదు, మార్కులు లేవు, ఎంత నేర్చుకుందో నలుగురికీ చూపించడానికి ఏమీ ఉండదు. టీచర్ మంచివాళ్లు కాకపోతే గంటసేపు కబుర్లు చెప్పుకుని ఫోన్ పెట్టేయడమే. చదివి అర్థం చేసుకునే అలవాటు కూడా వెనకబడుతుంది. దానికి మేం జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వాళ్ల సులభ జపనీస్ వార్తలు పెట్టుకున్నాం. కంజి మీద చిన్న అక్షరాల్లో ఉచ్చారణ ఇస్తారు, రోజుకొకటి పైకి చదివితే చాలు. ఇంటర్ తర్వాత జపాన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద కన్నున్న సైన్స్ పిల్లలకు ఇంకో మాట చెప్పాలి. ఆ పరీక్షలో గణితం, సైన్స్ పేపర్లు కూడా ఉంటాయి. జపనీస్ కోసం వాటిని పక్కన పెడితే రెంటికీ చెడతారు.

చివరికి తేలింది ఇది: బుధవారం, ఆదివారం గంట చొప్పున పుణెలో ఉన్న ఒక టీచర్ దగ్గర మాటలు, రాత. ఎన్3 ఒక్కసారి, మొదటి ఏడాది దాటాక వచ్చే జూలైలో. ఆ డిసెంబర్ మాత్రం వద్దన్నాం. బోర్డు పరీక్షల ముందు కోల్‌కతా ప్రయాణం టెన్షన్ ఎవరు పడతారు? సగం బావ మాట, సగం నా మాట. నన్నడిగితే ఆ జూలై కూడా అక్కర్లేదు, కానీ ఫీజు కట్టేది ఆయన.

పోయిన ఆదివారం రెండు నిమిషాల ప్రసంగం మొదటిసారి చేసింది. చద్దన్నానికీ, అన్నంలో వేడి టీ పోసుకుని తినే వాళ్ల ఒచజుకెకీ పోలిక. ఒక నిమిషం పది సెకన్లకే మాటలు అయిపోయాయి. మజ్జిగ, ఉల్లిపాయ దగ్గర ఆగిపోయి, "మా పిన్ని బాగా కలుపుతుంది" అని ముగించింది. టీచర్ వెంటనే "పిన్ని అంటే అమ్మకి అక్కా, చెల్లెలా?" అని జపనీస్‌లోనే అడిగింది. వాళ్లకి అమ్మ అక్కైనా చెల్లెలైనా పలకడం ఒకటే, "ఒబ". రాసేటప్పుడు మాత్రం పెద్దావిడకి ఒక కంజి, చిన్నావిడకి ఇంకోటి. మా పిల్ల "చెల్లెలు" అని చెప్పి, చిన్నావిడ కంజి రాసి కెమెరాకి చూపించింది. నన్ను పిలిచి నాకూ చూపించింది. ఒక గీత తప్పు పడిందట, టీచర్ మళ్లీ రాయమంది.