తిరుపతి బస్సా, చెన్నై హాస్టలా, చిన్నమ్మ ఇల్లా?

ఎంసెట్ ర్యాంకులు వచ్చాయంటే మా ఇంట్లో ఫోను ఆగదు. 2021 నుంచి దాని పేరు ఈఏపీసెట్ అయినా మా చిత్తూరు వైపు ఎవరి నోరూ ఆ మాటకి తిరగదు, నేనూ ఎంసెట్ అనే అంటాను. నేను సీఎస్‌ఈ, అంటే కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్, చదివి ఆ చదువుతోనే పదమూడేళ్ళుగా బతుకుతున్నాను కాబట్టి బంధువులకీ, బంధువుల బంధువులకీ నేనొక ఉచిత సలహా కేంద్రం. కంప్యూటర్స్ చేర్చాలా వద్దా అని ఎవరూ అడగరు. అది ఇంట్లో ఎప్పుడో తేలిపోయి ఉంటుంది. అడిగేదల్లా ఒక్కటే: "పిలకాయకి సీఎస్‌ఈ వస్తాది మా, తిరపతిలోనే వేసేదా, మద్రాసు పంపించేదా?"

నిరుడు ఇదే ప్రశ్న మా అక్క తన కూతురి గురించి అడిగింది. వాళ్ళది చిత్తూరు. అక్క ఊరుకోకుండా మూడో దారి కూడా చూపించింది: "తిరపతిలో అయితే మీ ఇంట్లోనే పెట్టుకో. హాస్టల్ ఖర్చు మిగుల్తుంది, నువ్వు పక్కనుంటే దానికి చదువూ వస్తుంది." నేను వద్దన్నాను. "ఏమే, సొంత అక్క కూతురికి ఇంత సంగటి ముద్ద పెట్టలేవా?" అని రెండు నెలలు మాట్లాడలేదు. ఆ రోజు కారణం సరిగ్గా చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతాను.

మొదట డబ్బు సంగతి, ఎందుకంటే అందరూ అక్కడే మొదలుపెడతారు. తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో కన్వీనర్ కోటాలో, అంటే ఎంసెట్ ర్యాంకుతో, సీటొస్తే, అర్హత ఉన్న ఇంటికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది. ఆ డబ్బు ఎప్పుడు పడుతుందన్నది వేరే కథ. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఆ ఆశ లేదు. చెన్నై, వేలూరు డీమ్డ్ యూనివర్సిటీలకి పోతే అసలే లేదు. వేలూరు విఐటీలో ఎంట్రన్స్ ర్యాంకుని బట్టి ఐదు ఫీజు కేటగిరీలు ఉంటాయి. మొదటి కేటగిరీకీ ఐదోదానికీ చాలా తేడా, కాబట్టి 'విఐటీలో వచ్చింది' అని సంబరపడే ముందు ఏ కేటగిరీలో వచ్చిందో చూసుకోండి.

అప్పు చేసి పంపుదామనుకునేవాళ్ళకి ఒక లెక్క. పది లక్షలు, పది శాతం వడ్డీ, పదేళ్ళ గడువు అనుకుంటే నెలకు 13,215 రూపాయలు కట్టాలి. పదేళ్ళలో కట్టేది దాదాపు 15 లక్షల 86 వేలు. చదివే నాలుగేళ్ళలో పేరుకునే వడ్డీ ఇందులో చేర్చలేదు. అప్పు ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకు మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతుంది. మొదటి ఉద్యోగంలో నెలకు పాతిక వేలు చేతికొచ్చే పిల్ల అందులో సగం బ్యాంకుకే కట్టాలంటే ఆ ఉద్యోగం నచ్చకపోయినా మానలేదు. మా తమ్ముడు రెండేళ్ళు అలా ఇరుక్కుపోయాడు.

డబ్బు వైపు తిరుపతిదే పైచేయి, అనుమానం లేదు. కంపెనీల వైపు చెన్నైది. క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు అక్కడ ఎక్కువ, ఓఎంఆర్ రోడ్డు పొడుగునా ఆఫీసులే, ఇంటర్న్‌షిప్ కోసం ఊరు మారక్కర్లేదు. కానీ ఈ తేడా నేను చదివిన రోజుల్లో ఉన్నంత ఇప్పుడు లేదు. టీసీఎస్ ఎన్‌క్యూటీ లాంటి ఉద్యోగ పరీక్షలు ఏ కాలేజీ వాళ్ళైనా రాయొచ్చు. కోడింగ్ రౌండ్లు ఎక్కువగా ఆన్‌లైన్లోనే జరుగుతాయి. అక్కడ మీది ఏ ఊరని ఎవరూ అడగరు. చెన్నైలో పిల్లలకి ఇంగ్లీషు నోటికి అలవాటవుతుందని కొందరంటారు. అక్కడే చదివిన మా తమ్ముడికి నాలుగేళ్ళలో అలవాటైంది అరవం. చిత్తూరోళ్ళకి అదేమీ కొత్త కాదు.

ఇవన్నీ చూసి చాలామంది ఒక కాగితం మీద రెండు గీతలు గీసి మార్కులు వేసుకుంటారు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన వరుసే వాళ్ళు వదిలేస్తారు: సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఆ పిల్ల ఎక్కడ, ఎవరి పక్కన కూర్చుంటుంది?

ఎందుకంటే ఈ చదువు క్లాసులో రాదు. పగలు చెప్పింది రాత్రి చేత్తో చేస్తేనే వస్తుంది. నా సంగతే చెబుతాను. నేను తిరుపతిలోనే, ఇంటి నుంచే కాలేజీ బస్సులో వెళ్ళి చదివాను. సెకండియర్‌లో డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్. లింక్డ్ లిస్టు అంటే గొలుసులా ఒకదానికొకటి ముడిపడ్డ గడులు, ఒక్కో గడి ఒక నోడ్. అందులోంచి ఒక నోడ్ తీసెయ్యాలి. మధ్యలో నోడ్ తీస్తే ప్రోగ్రామ్ బాగానే నడుస్తోంది, చివరిది తీసినా నడుస్తోంది, మొదటిది తీస్తే మాత్రం చెత్త అంకెలు చూపించి పడిపోతోంది. మూడు రాత్రులు దాంతోనే కుస్తీ. ల్యాబ్‌లో అడిగితే "రికార్డు రాశావా?" అన్నారు. ఇంట్లో అడగడానికి మా నాన్న పోస్టాఫీసు ఉద్యోగి, మా అమ్మకి అప్పటికింకా మౌస్ పట్టుకోవడమే రాదు.

మూడో రాత్రి తమ్ముడికి ఫోన్ చేశాను. కవలలం కాదుగానీ నాకు ఒక ఏడాది పోయింది కాబట్టి ఇద్దరం ఒకే సంవత్సరం చదివాం. వాడు చెన్నైలో, పేరు చెప్పను, ఒక ప్రైవేటు కాలేజీ హాస్టల్‌లో ఉండేవాడు. వాడికీ అదే ప్రోగ్రామ్, అదే తప్పు వచ్చిందట. వరండాలో కూర్చుని ఉన్న సీనియర్ ఒకడు పది నిమిషాల్లో చూపించాడట: మొదటి నోడ్ ఎక్కడుందో చూపించే హెడ్ పాయింటర్ని ఫంక్షన్‌కి అలాగే పంపిస్తే లోపల మారేది దాని నకలే. మెయిన్‌లో ఉన్న అసలు హెడ్ మాత్రం మనం ఫ్రీ చేసేసిన నోడ్‌నే ఇంకా చూపిస్తూ ఉంటుంది. హెడ్ అడ్రస్ పంపించు, లేదా కొత్త హెడ్‌ని రిటర్న్ చెయ్యి, అంతే.

నా మూడు రాత్రులు వాడికి పది నిమిషాలు. నేను కష్టపడి నేర్చుకున్నది బాగా గుర్తుంటుందని మీరు అనొచ్చు, గుర్తుంది కూడా. కానీ ఇలాంటి ముడి ప్రతి వారం పడుతుంది. నాలుగేళ్ళలో ఎన్ని వారాలో లెక్క వేసుకోండి. మూడు రాత్రులు కుస్తీ పట్టే ఓపిక అందరికీ ఉండదు. చాలామంది రెండో రాత్రికే పక్కవాళ్ళ ప్రోగ్రామ్ రికార్డులోకి ఎక్కించేసి, నాలుగో ఏడు ఇంటర్వ్యూ గదిలో దొరికిపోతారు. ఇప్పుడు ఏఐని అడిగితే తప్పు ఎక్కడుందో చెప్పేస్తుంది కదా అంటుంది మా అక్క కూతురు. చెబుతుంది. దిద్దిన కోడ్ కూడా ఇచ్చేస్తుంది. ఆ సీనియర్ మాత్రం కాగితం మీద గడులు గీసి, బాణాలు వేసి, "ఇప్పుడు నువ్వు చెప్పు, హెడ్ ఎక్కడుంది?" అని వాడి చేతే చెప్పించాడు.

ఇక మన ఇళ్ళ సంగతి. తిరుపతిలో ఇల్లున్నవాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేం లేదు, మిగతా ఊళ్ళ వాళ్ళ కోసం చెబుతున్నా. తిరుపతిలో ప్రతి ఇల్లూ సగం సత్రం. బంధువులు మన కోసం రారు, స్వామి కోసం వస్తారు, మన ఇంట్లో దిగుతారు. నా నాలుగేళ్ళ ఇంజినీరింగ్‌లో మా ఇంటి హాలు ఖాళీగా ఉన్న శనివారం ఒక్కటీ గుర్తులేదు. వచ్చినవాళ్ళని రైల్వే స్టేషన్ నుంచి తీసుకురావడం, టోకెన్ల క్యూ ఎక్కడో చూపించడం, అలిపిరి దాకా దింపడం, కొండ దిగొచ్చాక తిరుచానూరు తీసుకుపోవడం, ఇవన్నీ ఇంట్లో చదువుకునే పిల్లల పనులే. ఎందుకంటే వాళ్ళు 'ఖాళీగా' కంప్యూటర్ ముందు కూర్చుని ఉంటారు! పుస్తకం పట్టుకున్న పిల్లని లేపడానికి పెద్దవాళ్ళు కాస్త ఆలోచిస్తారు. స్క్రీన్ చూస్తున్న పిల్లని లేపడానికి ఎవరూ ఆలోచించరు. బ్రహ్మోత్సవాలప్పుడైతే చెప్పక్కర్లేదు. గరుడసేవ రోజు మా ఇంట్లో పద్నాలుగు మంది పడుకున్నారు, మర్నాడు నాకు డీబీఎంఎస్, అంటే డేటాబేస్‌ల సబ్జెక్టు, మిడ్ పరీక్ష. అందులోని నార్మల్ ఫారమ్స్ పాఠం మేడ మీద, వాటర్ ట్యాంకు నీడలో చదివాను.

దానికి తోడు బస్సు. ఊరవతల కాలేజీకి పొద్దున ఏడుంబావుకి ఎక్కితే సాయంత్రం ఆరుకి దిగేదాన్ని. దిగాక మిగిలిన గంటలే నావి, అవి కూడా నావి కావు.

అక్కకి నేను చెప్పలేకపోయింది ఇదే. మా ఇంట్లో సంగటి ముద్దకి కొదవ లేదు. మా ఇంట్లో లేనిది సాయంత్రం.

అలాగని చెన్నై హాస్టల్‌ని నెత్తిన పెట్టుకోవడం లేదు. అక్కడ గంటలు పిల్లలవే, నిజమే, కానీ అవి ఎటైనా పోవచ్చు. మా తమ్ముడి మొదటి ఏడాది సాయంత్రాలు మొత్తం కంప్యూటర్ గేములకీ, టెర్రస్ మీద క్రికెట్‌కీ పోయాయి. తప్పిన సబ్జెక్టుని మనం బ్యాక్‌లాగ్ అంటాం, అక్కడ అరియర్ అంటారు, ఆ మాట మా ఇంటికి మొదట తెచ్చింది వాడే, ఒకేసారి మూడు తెచ్చాడు. నెలకోసారి సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో మాసిన బట్టల మూటతో దిగేవాడు. రెండో ఏడు ఆ వరండా సీనియర్ గదిలో చేరాక దారిన పడ్డాడు. ఆ సీనియర్ తగలకపోయి ఉంటే? చెన్నై హాస్టల్ మంచిదా కాదా అన్నది పక్క గదిలో ఎవరున్నారన్న దాని మీద ఉంటుంది. దానికి మనం ముందే ఫీజు కట్టి రసీదు తెచ్చుకోలేం.

ఆడపిల్లల విషయంలో ఇంకో మెలిక. హాస్టల్ గేటు ఆరింటికి వేసేసి, ల్యాబూ లైబ్రరీ గేటు బయట ఉంటే ఆ హాస్టల్‌కీ మా ఇంటికీ తేడా లేదు. కాలేజీ చూడటానికి వెళ్ళినప్పుడు ఏసీ సెమినార్ హాలు చూపిస్తే చూడండి, కానీ అడగాల్సింది ఇది: "రాత్రి తొమ్మిదింటికి అమ్మాయి హాస్టల్ నుంచి ల్యాబ్‌కి పోవచ్చునా?" జవాబు ఆఫీసులో కాదు, హాస్టల్ మెస్‌లో థర్డియర్ పిల్లల్ని అడగండి.

ఇప్పుడు నా మొగ్గు ఎటో మీకు తెలిసిపోయి ఉంటుంది. ఇల్లూ వద్దు, చెన్నై అప్పూ వద్దు. తిరుపతిలోనే క్యాంపస్ హాస్టల్. 1959లో మొదలైన ఎస్వీ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, 1983లో వచ్చిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనూ ఇంజినీరింగ్ ఉంది, అక్కడ క్యాంపస్ మొత్తం ఆడపిల్లలదే. ఫీజు ప్రైవేటుతో పోలిస్తే తక్కువ, ఇల్లు కావాలంటే దగ్గర, వద్దంటే దూరం. ఎస్వీ యూనివర్సిటీ కాలేజీలో మన ఎస్వీయూ ప్రాంతం పిల్లలకి 85 శాతం సీట్లు స్థానికం కింద ఉంటాయి కాబట్టి పోటీ కూడా మన చుట్టుపక్కల జిల్లాలతోనే ఎక్కువ. లోట్లు లేవా అంటే ఉన్నాయి. పాత క్యాంపస్‌లలో భవనాలు పాతవి, పర్మనెంట్ అధ్యాపకుల ఖాళీలు ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎప్పుడూ ఉండే గొడవే, కంపెనీల కోసం పిల్లలే తిరగాలి. ఇవన్నీ తెలిసే చెబుతున్నాను. సాయంత్రం నాలుగు గంటలు చేతిలో ఉన్న పిల్ల వీటిలో చాలావాటిని దాటుకోగలదు.

ఇల్లే తప్పదు అనుకునేవాళ్ళు, డబ్బు వల్లో, ఆరోగ్యం వల్లో, ఒక గదీ దానికి తలుపూ ఆ పిల్లకి ఇవ్వండి. సాయంత్రం ఏడు దాటాక ఆ తలుపు ఎవరూ కొట్టకూడదు, కర్నూలు నుంచి పెద్దమ్మ వచ్చినా సరే. అది చెయ్యగలిగే ఇల్లయితే బస్సు కాలేజీ ఏ రకంగానూ తక్కువ కాదు. చెన్నైకి పంపగలిగేవాళ్ళు, అప్పు లేకుండా, పిల్లకి అప్పటికే ఒంటరిగా కూర్చుని పని చేసే అలవాటుంటే, నిశ్చింతగా పంపండి.

మిగతావి క్లుప్తంగా. ఏర్పేడు ఐఐటీలోనో, శ్రీసిటీ ట్రిపుల్ ఐటీలోనో సీటొస్తే నన్ను అడగకండి, పోయి చేరండి. బ్రాకెట్ లోపల ఏఐ, డేటా సైన్స్ అని ఉన్న సీఎస్‌ఈనా, బ్రాకెట్ లేనిదా అంటే, మొదట్లో చదివేది దాదాపు ఒకటే కాబట్టి బ్రాకెట్ కోసం మంచి కాలేజీ వదులుకోకండి. దానికన్నా ఆ కాలేజీలో సీఎస్‌ఈ ఎన్ని సెక్షన్లో, చివరి సెక్షన్‌కి పాఠం ఎవరు చెబుతారో కనుక్కోండి. 2024 నుంచి, ఇంజినీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే ఏఐసీటీఈ సీట్ల గరిష్ఠ పరిమితి ఎత్తేసింది కాబట్టి ఈ ప్రశ్న ఇప్పుడు మరీ అవసరం. పాలిటెక్నిక్ చేసి, డిప్లొమా వాళ్ళకి పెట్టే ఈసెట్ ఎంట్రన్స్‌తో నేరుగా సెకండియర్‌లోకి రావడం మంచి దారే, పదో తరగతప్పుడే ఆలోచించాల్సింది.

మా అక్క కూతురు చివరికి ఇక్కడే, క్యాంపస్ హాస్టల్‌లో చేరింది. మా ఇంటి నుంచి ఆటోలో పది నిమిషాలు. అక్క ఇప్పుడు మాట్లాడుతోంది, దెప్పుతూనే. మొన్న రాత్రి పదిన్నరకి పిల్ల ఫోన్ చేసింది. "చిన్నమ్మా, లింక్డ్ లిస్టులో మొదటి నోడ్ తీస్తే ప్రోగ్రామ్ పడిపోతా ఉండాది" అంది. పక్క గదిలో ఎవరున్నారని అడిగాను. "మదనపల్లి అక్క ఉంది, థర్డియర్." ఆ అక్క తలుపు కొట్టమని ఫోన్ పెట్టేశాను.

ఈ ఆదివారం ఇంటికొస్తానంటోంది. ఇక్కడ అనంతపురం నుంచి తొమ్మిది మంది దిగుతున్నారు. పై వారం రమ్మన్నాను.