బాలానగర్ లేత్ షాపులో చేయించిన డిలే స్టేజ్ ప్లేటు: పనికొస్తుందా?

పంప్-ప్రోబ్ ప్రయోగంలో ఒక లేజర్ పల్స్ (పంప్) శాంపిల్‌ను కదిలిస్తే, కాస్త ఆలస్యంగా వచ్చే రెండోది (ప్రోబ్) దాన్ని చూస్తుంది; కాంతి దారిని పెంచి తగ్గించి ఆ ఆలస్యాన్ని మార్చే జరిగే బల్లే డిలే స్టేజ్. దానికి బేస్‌ప్లేటు, రెట్రోరిఫ్లెక్టర్ (కాంతిని వచ్చిన దిక్కుకే తిప్పి పంపే అద్దం) మౌంటు హైదరాబాద్ బాలానగర్‌లో చేయిస్తే దిగుమతి సరుకు కన్నా చాలా చవక. మిల్లింగ్ శుభ్రంగా ఉంది, ఎం6 (6 మి.మీ. స్క్రూ) రంధ్రాలు ఆప్టికల్ టేబుల్ 25 మి.మీ. గ్రిడ్‌కు సరిగ్గా కూర్చున్నాయి. నల్ల అనోడైజింగ్ (అల్యూమినియం మీద నల్లటి ఆక్సైడ్ పొర) మాత్రం అడిగి మరీ చేయించాలి, లేకపోతే మెరిసే అల్యూమినియం మీద కాంతి చెదిరి డిటెక్టర్‌లో పడుతుంది.

అసలు పరీక్ష టైమింగ్ దగ్గర. 2013లో అమెరికాలోని ఎంఐటీ బృందం బిస్మత్ సెలినైడ్ మీద చూపిన ఫ్లోకే-బ్లాక్ స్థితులు (కాంతి ఊపుతో ఎలక్ట్రాన్లకు తాత్కాలికంగా ఏర్పడే శక్తి స్థితులు) పంప్ పల్స్ ఉన్నంతసేపే ఉంటాయి; జీరో డిలే (రెండు పల్స్‌లూ ఒకేసారి శాంపిల్‌ను చేరే స్థానం) తప్పితే ఏమీ కనబడదు. స్టేజ్ 1 మైక్రాన్ కదిలితే, కాంతి రానూపోనూ కాబట్టి 6.67 ఫెమ్టోసెకన్ల తేడా (ఒక ఫెమ్టోసెకను అంటే సెకనులో పది కోట్ల కోట్లవ వంతు). స్టేజ్‌ను నడిపే స్క్రూలో 5 మైక్రాన్ల బ్యాక్‌లాష్ (దిశ మార్చినప్పుడు కనబడే వదులు) ఉంది, అంటే 33 ఫెమ్టోసెకన్లు. స్కాన్ ఎప్పుడూ ఒకే వైపు నుంచి చేస్తే ఆ బాధ తప్పుతుంది.

ఎండాకాలం ఏసీ ఆగితే ఇంకో తంటా. 30 సెం.మీ. అల్యూమినియం ఒక్క డిగ్రీకి దాదాపు 7 మైక్రాన్లు సాగుతుంది, జీరో 46 ఫెమ్టోసెకన్ల దాకా జరుగుతుంది. ఇది షాపు తప్పు కాదు, లోహం గుణం.

బిగించే ముందు అసిటోన్‌తో, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగండి. రంధ్రాల్లో మిగిలిన కటింగ్ ఆయిల్ ఆవిరై అద్దాల మీద పొరలా పేరుకుంటుంది. ఆపై స్టేజ్‌ను రెండు చివరలకూ తీసుకెళ్లి శాంపిల్ చోట కెమెరాలో చూడండి. మచ్చ జరిగితే బీమ్ స్టేజ్‌కు సమాంతరంగా లేనట్టు. ముందున్న రెండు అద్దాలతో సరిచేయాలి.

డెలివరీ చెప్పిన రోజుకు రాదు. డ్రాయింగ్‌లో టాలరెన్స్ రాయకపోతే వాళ్లకు తోచిందే వస్తుంది. నా మార్కులు 5కి 3.5.