ఫ్లై ఫిషింగ్ కిట్టూ ట్రౌట్ ప్యాకేజీ కలిపి కొనబోతున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

నిరుడు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యాను. చిన్నప్పుడు ఏలూరు కాలువ గట్టున గాలం వేసి జెల్లలు పట్టినవాణ్ణి. ఉద్యోగంలో పడ్డాక ముప్ఫై ఏళ్లకు పైగా దాని ఊసే లేదు. హిమాచల్‌లో తీర్థన్ నదిలో ఫ్లై ఫిషింగ్‌తో ట్రౌట్ (చల్లటి నీళ్లలో బతికే చేప) పట్టే వీడియో ఒకటి చూశాక మనసు అటు లాగింది. నాలాగే అరవై దాటాక ఈ సరదా మొదలుపెట్టాలనుకునేవాళ్లు చాలామంది ఉన్నారని తెలుసు, అందుకే రాస్తున్నాను. నాకు పోయింది 23,500 రూపాయలు.

'రిటైరైనవారికి ప్రత్యేకం' అని ఆన్‌లైన్‌లో ఒక ప్రకటన వచ్చింది. కిట్ 14,500, రెండు రోజుల శిక్షణ, బస, పర్మిట్ అన్నీ కలిపి ఇంకో 18,000, అందులో సగం అడ్వాన్స్. ఫోన్లో ఎంతో మర్యాదగా మాట్లాడారు, అంకుల్ అంకుల్ అంటూ. డబ్బు యూపీఐలో పంపమన్నారు. అక్కడ కనిపించిన పేరు సంస్థది కాదు, ఎవరో మనిషిది. నేను అక్కడే ఆగాల్సింది.

కిట్ వచ్చింది. చూడటానికి బాగుంది. రాడ్ (గాలం కర్ర) మీద తొమ్మిది అడుగులు, 5 వెయిట్ (అంటే 5 నంబర్) అని రాసి ఉంది, కొత్తగా నేర్చుకునేవాళ్లకి సరిపోయే కొలతే. లోపమంతా లైన్‌లో, అంటే రాడ్‌తో విసిరే దారంలో ఉంది. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మామూలు గాలం తెలిసినవాళ్లమే ఇక్కడ సులువుగా దెబ్బతింటాం. మన గాలానికి సీసం గుండు కడతాం, విసిరితే ఆ గుండు దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో కొక్కేనికి ఈక, దారం చుట్టి పురుగులా చేస్తారు, దానికి బరువే ఉండదు. బరువంతా లైన్‌లోనే ఉండాలి. ఆ బరువుకి రాడ్ వెనక్కి వంగి, మళ్లీ నిటారుగా లేస్తూ లైన్‌ని ముందుకి తోస్తుంది. కాబట్టి రాడ్ నంబరూ లైన్ నంబరూ ఒకటే కావాలి. సరైన లైన్ డబ్బా మీద డబ్ల్యూఎఫ్-5-ఎఫ్ అని ఉంటుంది: బరువు ముందు భాగంలో, నంబర్ 5, నీళ్లమీద తేలేది. నాకొచ్చిన లైన్‌కి డబ్బా లేదు, గుర్తు లేదు, రీల్‌కి చుట్టేసి పంపారు.

పన్నెండు రోజులు రోజూ పొద్దున్నే మున్సిపల్ గ్రౌండ్‌కి వెళ్లి విసిరాను. రాడ్ వంగదు, లైన్ నా కాళ్ల ముందే కుప్పగా పడుతుంది. తప్పు నాదే అనుకున్నాను. వయసు మీద పడింది, చేతిలో పట్టు లేదు అనుకుని ఇంకా గట్టిగా విసిరాను, భుజం పట్టేసింది. డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లొచ్చాను. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే. డబ్బు కంటే కూడా, 'మన వల్ల కాదులే' అని వదిలేయబోయాను. కొత్తవాడికి సరుకు బాగాలేదని తెలిసే వీలే లేదు, ఆ సంగతి అమ్మేవాడికి బాగా తెలుసు.

బెంగళూరులో ఈ పనిలో అనుభవమున్న పాత మిత్రుడొకాయన ఫోన్లో ఒక్కమాట అన్నాడు: లైన్ తూకం వేయించు. లైన్ నంబర్ అంటే మొదటి 30 అడుగుల బరువు. 5 నంబర్‌కి అది 140 గ్రెయిన్లు, అంటే దాదాపు 9 గ్రాములు. టేపుతో 30 అడుగులు కొలిచి, కత్తిరించి, చుట్టగా చుట్టి మా వీధి చివర బంగారం కొట్టుకి తీసుకెళ్లాను. ఆచారి గారు కాటా మీద పెట్టి, 'మాస్టారూ, ఐదు గ్రాముల నాలుగు వందల మిల్లీ' అన్నారు. అది సుమారు 83 గ్రెయిన్లు, 2 నంబర్ లైన్‌కి ఉండాల్సిన బరువు! ఇంక అక్కడ నా భుజం తప్పేముంది?

ఇంక ప్యాకేజీ సంగతి. నాకు ఇచ్చిన తేదీలు నవంబర్ 14, 15. వేడినీళ్లు ఉంటాయో లేదో కనుక్కుందామని తీర్థన్ లోయలోని గుషైనీ అనే ఊళ్లో ఒక హోమ్‌స్టేకి నేనే ఫోన్ చేశాను. అవతలాయన నవ్వలేదు, విసుక్కోలేదు, 'బాబూజీ, నవంబర్‌లో నది బంద్' అన్నాడు. హిమాచల్‌లో నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి చివరిదాకా ట్రౌట్ పట్టడం నిషేధం. చలికాలంలోనే బ్రౌన్ ట్రౌట్ గులకరాళ్ల మధ్య గుంట చేసి గుడ్లు పెడతాయి, అందుకని. 1909లో హోవెల్ అనే ఇంగ్లీషు అధికారి కశ్మీర్ నుంచి గుడ్లు తెప్పించి కులూలో పెంచడం మొదలుపెట్టాడు. నూరేళ్లు దాటినా ఆ చేప ఇంకా ఆ నదుల్లో ఉందంటే ఇలాంటి కట్టుబాట్ల వల్ల కూడా. నాకు అమ్మినవాళ్లు ఆ నెలకే 'పర్మిట్‌తో సహా' అని డబ్బు తీసుకున్నారు. అడిగితే 'అడ్జస్ట్ చేస్తాం అంకుల్' అన్నారు. అంటే దొంగతనంగా పట్టించడమే కదా! దొరికితే కేసు నా మీద పడేది.

డబ్బు వెనక్కి అడిగాను. కిట్ 'వాడేశారు' కాబట్టి రిటర్న్ లేదట, అడ్వాన్స్ 'నాన్ రిఫండబుల్' అట. ఆ తర్వాత నా నంబర్ బ్లాక్. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకుని వెనక్కి తీసుకోనని అమ్మేవాడు అనకూడదు. నేను కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. ప్రకటన స్క్రీన్‌షాట్, యూపీఐ రసీదు, తూకం వేస్తుండగా తీసిన ఫొటో దాచి ఉంచాను, ఆ మూడూ అడిగారు. డబ్బు పంపగానే మోసమని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి, నేను నెల తర్వాత కొట్టాను.

కొనేముందు లైన్ డబ్బా ఫొటో అడగండి, గుర్తు కనపడాలి. రాడ్, లైన్ విడివిడిగా కొంటే ఇంకా మంచిది. పర్మిట్ ఇచ్చేది మత్స్యశాఖ. ప్యాకేజీవాళ్లు ఇస్తామంటే మీ పేరు, తేదీ ఉన్న కాపీ చూశాకే మిగతా డబ్బు. నదిలో దిగడానికి వేడర్లు (నీళ్లు లోపలికి రాని పొడవాటి తొడుగులు) కూడా అంటగడతారు. నడుముకి బెల్ట్ లేకుండా అవి వేసుకుని దిగొద్దు, కాలు జారితే లోపలికి నీళ్లు నిండిపోతాయి. ఆ నదిలోని రాళ్లు మన మోకాళ్లకి మామూలు రాళ్లు కావు.

ఇంకో మాట. ఈ సంగతి మూడు వారాలు మావాడికి చెప్పలేదు, 'ఈ వయసులో నీకెందుకు నాన్నా' అంటాడని. చెప్పాక వాడు ఆ మాట అననేలేదు. కూర్చుని ఫిర్యాదు మొత్తం టైప్ చేసి పెట్టాడు. మీలో ఎవరైనా ఇలాగే నోరు మూసుకుని కూర్చుంటే ఇవాళే ఇంట్లో చెప్పండి.

పోయిన వారం సరైన లైన్ తెప్పించాను. ఈసారి కత్తిరించకుండా ముందు 30 అడుగులు మాత్రం కాటా మీద పెట్టించాను, మిగతాది ఆచారి గారే చేత్తో ఎత్తి పట్టుకున్నారు. తొమ్మిది గ్రాముల వంద మిల్లీ. పొద్దున గ్రౌండ్‌లో నలభై అడుగులు పోయింది.